"లేదు" అన్న మాట గాలిలో పోతే

(రేడియో ప్రసంగ పాఠం)



మొన్న మా ఆరేళ్ళ అబ్బాయి వాళ్ళ అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడాడు. పెట్టేశాక నన్నడిగాడు, "అమ్మా, లోపల మాట్లాడింది నిజంగా అమ్మమ్మేనా?" అని. నేను ఐటీ కన్సల్టెంటుని, ఎమ్మెస్‌లో చదివింది సిగ్నల్ ప్రాసెసింగు. అవునని ఒక్క ముక్కలో తేల్చేయడానికి మనసొప్పలేదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో అమ్మ మాట్లాడితే, గాల్లోకి వెళ్ళేది ఆ గొంతు తాలూకు కొలతలు. వాటిని చూసి ఇక్కడ నా ఫోను గొంతును మళ్ళీ తయారు చేస్తుంది. గోంగూర పచ్చడి పంపకుండా, ఎలా నూరాలో రాసి పంపినట్టన్నమాట.

ఇంత తిప్పలు ఎందుకంటే, డిజిటల్ ల్యాండ్‌లైను పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు, మొత్తం సెకనుకు 64,000 బిట్లు. తీగ మీద అది మోయగలిగిన బరువే. గాలిలో అలా కాదు, ఉన్న కాస్త చోటునూ ఊరంతా పంచుకోవాలి. 1991లో ఫిన్లాండులో మొదలైన జీఎస్ఎం సెల్‌ఫోన్లు ఆ 64,000ని 13,000కి దించాయి.

అదెలాగో మీరే ఇప్పుడు చేసి చూడండి. "ఆ..." అని సాగదీయండి. ఆపకుండా దాన్నే "ఈ..." అనండి, తర్వాత "ఊ..." అనండి. గొంతు ఒకేలా అదురుతోంది. మారింది నాలుక, పెదాలు, దవడ. ఎంత గబగబా మాట్లాడేవాళ్ళకైనా సెకనులో యాభయ్యో వంతులో నోటి ఆకారం పెద్దగా మారదు. అందుకని ఫోను మన మాటను సెకనుకు 50 ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్కకూ నోటి ఆకారాన్ని 8 అంకెల్లో రాసుకుంటుంది. దానికి 36 బిట్లు చాలు. గొంతు అదురు, ఈ లెక్కకు అందని మిగులు కలుపుకుంటే ముక్కకు 260 బిట్లు.

దీని వెనక లెక్క పేరు లీనియర్ ప్రిడిక్షన్. ఇంతకుముందు వచ్చిన కొలతల్ని బట్టి రాబోయే కొలతను అంచనా వేసి, అంచనా తప్పినంత మేరకే పంపడం. 1960లలో దీన్ని మాటకు అన్వయించినవాళ్ళు రెండు చోట్ల ఉన్నారు. జపాన్‌లో ఇటాకురా, సైతో. ఇక్కడ న్యూజెర్సీలో, ముర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో బిష్ణు అటల్, మాన్‌ఫ్రెడ్ ష్రోడర్. అటల్ గారు 1933లో కాన్పూరులో పుట్టి, లక్నోలోనూ బెంగుళూరు ఐఐఎస్‌సీలోనూ చదివి, 1961లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. టెలిఫోను అనగానే గ్రాహంబెల్ పేరు చెప్తాం గానీ ఈయన పేరు మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు. నాకూ ఎమ్మెస్‌కి వచ్చేదాకా తెలియదు లెండి. 1985లో వీళ్ళిద్దరూ సెల్ప్ అనే ఇంకో పద్ధతి ప్రకటించారు. ఒక్క సెకను మాటను ఆ పద్ధతిలో కుదించడానికి అప్పటి క్రే-1 సూపర్ కంప్యూటరుకు రెండు నిమిషాలకు పైగా పట్టింది! ఆ తర్వాత వచ్చిన సెల్‌ఫోను పద్ధతులు చాలావరకు ఆ వంశానివే.

ఇక నా సొంత సంగతి. 2013లో నేను ఎమ్మెస్ చదువుతుండగా నాన్నగారికి గుండెల్లో నొప్పి వచ్చి గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ సెల్‌ఫోన్‌లో మాట్లాడుతోంది, లైను గరగరమంటోంది. "డాక్టరు చూశారే, భయపడాల్సింద..." అంతవరకే వినిపించింది. తర్వాత ఫోను కలవలేదు, అమ్మ ఫోన్‌లో ఛార్జి అయిపోయిందట. తెల్లవార్లూ నేను టికెట్ల ధరలు చూస్తూ ఏడుస్తూ కూర్చున్నాను. అమ్మ అన్నది "భయపడాల్సిందేం లేదు" అని.

ఇంగ్లీషులో కాదన్న మాట వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. మనకు చిట్టచివర వస్తుంది. ఆ చివరి అర సెకను, అంటే ఓ పాతిక ముక్కలు పోతే చాలు, అర్థం తలకిందులు.

ముక్కలు పోకుండా ఇంజనీర్లు ఏమీ చేయలేదని కాదు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు మనం సామాను ఎలా సర్దుకుంటామో జీఎస్ఎం కూడా అలాగే సర్దుతుంది. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు చేతి సంచిలో. అలాగే 260 బిట్లలో అతి ముఖ్యమైన 50కి గట్టి కాపలా, ఇంకో 132కి ఓ మోస్తరు కాపలా. మిగిలిన 78 పాత బట్టల్లాంటివి, పోతే పోయాయి. ఇక ఆవకాయంతా ఒకే సూట్‌కేసులో పెట్టం కదా? ఒక్కో ముక్క బిట్లనూ 8 విడతలుగా విడదీసి పంపుతారు. ఒక విడత గాల్లో పాడైనా మిగతా వాటి నుంచి రాబట్టుకోవచ్చు.

అయితే సిగ్నలు మరీ నీరసిస్తే ముఖ్యమైన బిట్లు కూడా పాడవుతాయి. అప్పుడు ఫోను ముందు వచ్చిన ముక్కనే మళ్ళీ వినిపిస్తుంది. తర్వాతవీ రాకపోతే శబ్దాన్ని తగ్గించుకుంటూ సెకనులో మూడో వంతు అయ్యేసరికి మౌనంలోకి వెళ్తుంది. అందుకే మాట తెగినట్టు కాక, మాట్లాడే మనిషే నీరసించి ఆపేసినట్టు ఉంటుంది. ఆ రాత్రి అమ్మ గొంతు అలా కిందికి జారడం వినే నేను అంత హడలిపోయాను. అది దుఃఖం అనుకున్నాను. మా అమ్మ మాత్రం ఆ చివర ధైర్యంగానే చెప్తోందిట!

ఇప్పుడు పరిస్థితి మెరుగే. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే పద్ధతి ఇంటర్నెట్ కాల్స్‌లో బాగా వాడుకలో ఉంది. అందులో కావాలంటే ప్రతి ముక్కతోపాటు దాని ముందు ముక్క నకలు కూడా ముతకగా కలిపి పంపవచ్చు. అయినా పల్లెటూళ్ళో సిగ్నలు పల్లెటూరి సిగ్నలే. ఇదంతా ఒకసారి అమ్మకు వివరంగా చెప్పాను. బిట్లూ గిట్లూ వినలేదు గానీ, అప్పటినుంచీ ఆసుపత్రి కబురేదైనా ఉంటే ఫోను ఎత్తగానే "లేదే తల్లీ, లేదు, ఏం లేదు" అని మొదలుపెట్టి, ఆ తర్వాత ఏమైందో చెప్తుంది.