తోటమాలి వృత్తి: భృతితో కూడిన శిక్షణకు ఏడాది ఎందుకు?

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండలంలో వరి ప్రధాన పంట. వరికోత యంత్రాలు వచ్చిన తరువాత కోతల కాలంలో దొరికే కూలిపని తగ్గింది. పదవ తరగతితో చదువు ఆపిన యువతీయువకులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు, అక్కడి నుండి హైదరాబాదుకు పనులు వెదుక్కుంటూ వెళుతున్నారు. ఇదే కాలంలో ఈ ప్రాంతంలో మొక్కల పని పెరిగింది. 2015లో ప్రారంభమైన హరితహారం కార్యక్రమం, ఆ తరువాత 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ఫలితంగా గ్రామ గ్రామాన నర్సరీలు వెలిశాయి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికేలా చూడవలసిన బాధ్యతను ఆ చట్టం గ్రామ పంచాయతీపై ఉంచింది. 65వ నంబరు జాతీయ రహదారి మధ్యభాగంలోని పూలమొక్కలు, పురపాలక సంఘాల ఉద్యానాలు, హుజూర్‌నగర్, మేళ్ళచెరువు పరిసరాల సిమెంటు కర్మాగారాల హరిత వలయాలు, బత్తాయి తోటలకు అంట్లు అందించే ప్రైవేటు నర్సరీలు – వీటన్నింటికీ నిత్యం మనుషులు కావాలి.

పని ఉంది, మనుషులూ ఉన్నారు. అయితే ఈ పనిని నేర్చుకొనే మార్గం మాత్రం ఏర్పడలేదు. నర్సరీలో పనిచేసే వ్యక్తిని నైపుణ్యం లేని కూలీగానే లెక్కిస్తున్నారు. ఐదేళ్ళు మొక్కలు పెంచిన వ్యక్తికి, నిన్న పనిలో చేరిన వ్యక్తికి మధ్య వేతనంలో గాని, గుర్తింపులో గాని తేడా ఉండదు. విద్యుత్ పనివారికి, ఫిట్టరుకు శిక్షణ కాలం ఉంటుందని, ఆ కాలంలో భృతి లభిస్తుందని అందరికీ తెలుసు. తోటమాలికి కూడా అదే చట్టం కింద అదే హక్కు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఏడాది కాలం ఎందుకు?

ఉద్యాన పనులపై స్వల్పకాలిక శిక్షణలు ప్రస్తుతం అందుబాటులో ఉన్నాయి. గ్రామీణ యువతకు నైపుణ్య శిక్షణ పథకం కింద ఏడు రోజుల తరగతులు జరుగుతాయి. నైపుణ్యాభివృద్ధి పథకాల కింద తోటమాలి శిక్షణ సుమారు 200 గంటలు ఉంటుంది. సూర్యాపేట జిల్లాలోని గడ్డిపల్లి, నల్లగొండ జిల్లాలోని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు రైతులకు, యువతకు శిక్షణనిస్తున్నాయి. వీటి ప్రయోజనాన్ని తక్కువ చేయనవసరం లేదు. ఒక మెళకువను చూపించడానికి, ఒక విషయంపై ఆసక్తి కలిగించడానికి ఇవి చాలు. వృత్తి నేర్వడానికి చాలవు. కారణం మొక్కల్లోనే ఉంది.

వేపను ఉదాహరణగా తీసుకోవచ్చు. వేపపండ్లు మృగశిర, ఆరుద్ర కార్తెల్లో రాలుతాయి. గుజ్జు తీసి నీడలో ఆరబెట్టిన విత్తనాన్ని కొద్ది వారాల్లోనే విత్తాలి. నిలువ ఉంచితే మొలకశక్తి వేగంగా పడిపోతుంది. మరుసటి వేసవిలో విత్తుదామనుకుంటే మొలకలు రావు. కనుక మరుసటి సంవత్సరం తొలకరికి నాటవలసిన వేప మొక్కకు విత్తనం ఈ తొలకరిలోనే సంచిలో పడాలి. ఆ మొక్క చలికాలం, ఎండాకాలం దాటి నాటడానికి సిద్ధమయ్యేసరికి పన్నెండు నెలలు గడుస్తాయి. టేకు విత్తనానిది మరొక తీరు. దాని గట్టి పెంకు కారణంగా నీటిలో నానబెట్టడం, ఎండలో ఆరబెట్టడం మార్చిమార్చి చేయనిదే సరిగా మొలకెత్తదు. చింతగింజను నానబెట్టి విత్తితే చాలు. ఈ తేడాలను పుస్తకంలో చదవవచ్చు. కాని మొలక రాని సంచుల వరుస ముందు నిలబడి కారణం వెదికిన వ్యక్తికి అవి గుర్తుండే తీరు వేరు.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి పాలిథిన్ సంచులు నింపడం నర్సరీలో మొదటి పని. చూడడానికి సులువుగా ఉంటుంది. సంచి అడుగున మట్టి వదులుగా ఉండిపోతే నీరు పోసినప్పుడు కుంగి, వేరు వంకర తిరుగుతుంది. ఎరువు సరిగా చివకకపోతే చెదలు చేరుతుంది. నీరు ఎక్కువైతే నారుకుళ్ళు వస్తుంది. సంచిలోని మొక్క వేరు అడుగు రంధ్రాల గుండా నేలలోకి దిగుతుంది. నెలకొకసారి సంచులను కదిలించి, ఎత్తును బట్టి వేరుచేసి మళ్ళీ పేర్చకపోతే, నాటే రోజున పీకినప్పుడు ఆ వేర్లు తెగి మొక్క చనిపోతుంది. 85 శాతం మొక్కలు బతకడమనే లక్ష్యంలో కొంత భాగం మొక్క నాటకముందే, నర్సరీలో ఈ కదిలింపుతోనే నిర్ణయమైపోతుంది. నాటడానికి ముందు కొద్ది వారాలు నీరు తగ్గించి, నీడ తొలగించి మొక్కను గట్టిపరచడం కూడా ఇటువంటిదే.

పూలమొక్కలు, పండ్లమొక్కలు ఈ పట్టికను ఇంకా విస్తరిస్తాయి. జామలో గాలి అంటు వర్షాకాలంలో కడతారు. గులాబీ కత్తిరింపు అక్టోబరు, నవంబరు నెలల పని. చామంతిని వర్షాకాలంలో నాటి, సుమారు నెల తరువాత తల తుంచి, పక్క కొమ్మలు రానిస్తేనే శీతాకాలంలో నిండుగా పూస్తుంది. నల్లగొండ ప్రాంతానికి పేరు తెచ్చిన బత్తాయిలో కన్ను అంటు కట్టడానికి రంగపూర్ నిమ్మ వేరుమూలం అనువైనది. ఇక్కడ చేతి నైపుణ్యం ఎంత అవసరమో వివేచన కూడా అంతే అవసరం. అంటు కట్టిన భాగం నేలకు తగినంత ఎత్తులో లేకపోతే, లేదా నాటేటప్పుడు దానిని మట్టిలో కప్పివేస్తే మొదలుకుళ్ళు సోకుతుంది. ఆ తప్పు ఫలితం కొన్నేళ్ళకు, అదీ రైతు తోటలో బయటపడుతుంది. నర్సరీలో అంటు కట్టిన వ్యక్తికి అది ఎన్నటికీ తెలియకపోవచ్చు.

అందుకే ఈ వృత్తికి ఒక పూర్తి ఋతుచక్రం కనీస శిక్షణ కాలం. ఏడాది పాటు ఆదాయం లేకుండా నేర్చుకోగలిగే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్ని ఉంటాయి? భృతి లేని శిక్షణ అంటే, అవసరం ఉన్నవారిని బయట నిలబెట్టే శిక్షణ అని అర్థం.

ఇతర ప్రాంతాల అనుభవం

బెంగుళూరు లాల్‌బాగ్ చరిత్ర ఈ విషయంలో గమనించదగినది. దానిని తీర్చిదిద్దినవారిలో జాన్ కామెరాన్, జర్మనీ దేశస్థుడైన గుస్తావ్ క్రుంబీగల్ ఇద్దరూ లండన్ సమీపంలోని క్యూ ఉద్యానంలో పనిచేస్తూ నేర్చుకొని వచ్చినవారు. క్రుంబీగల్ 1893లో బరోడా సంస్థానానికి, 1908లో మైసూరు సంస్థానానికి వచ్చి దేశీయ ఉద్యాన నిపుణులను తయారుచేశాడు. పనిచేస్తూ నేర్చుకొనే ఆ సంప్రదాయం నేటికీ నిలిచి ఉంది. కర్ణాటక ఉద్యానశాఖ రైతుల పిల్లలకు నెలవారీ భృతితో పది నెలల ఉద్యాన శిక్షణ నిర్వహిస్తున్నది.

బ్రిటన్‌లో 1899లో ఏర్పడిన మహిళా వ్యవసాయ ఉద్యాన సంఘం 1990వ దశకంలో మరొక పద్ధతిని ప్రవేశపెట్టింది. వేరే వృత్తి నుండి గాని, ఇంటి బాధ్యతల నుండి గాని తోటపనికి మారదలచినవారు, ఎంపిక చేసిన ఒక తోటలో అనుభవజ్ఞుడైన తోటమాలి వద్ద వారానికి 15 గంటల చొప్పున ఏడాది పాటు పనిచేస్తారు. తోట యజమాని వారికి భృతి చెల్లిస్తాడు. మిగిలిన రోజుల్లో వారు ఇతర పనులు చేసుకోవచ్చు. నాట్ల కాలంలో పొలం పనిని వదులుకోలేని పెన్‌పహాడ్ మహిళలకు ఈ వారానికి రెండు రోజుల పద్ధతే పూర్తికాల శిక్షణ కంటే ఎక్కువ అనుకూలంగా ఉండవచ్చు. ప్రైవేటు నర్సరీలు దీనిని ఆలోచించదగును.

తెలుగు నేలపై కడియం నర్సరీలు తమదైన రీతిలో ఒక పాఠశాల. అక్కడ అంటు కట్టడం తరతరాలుగా పనిలోనే నేర్చుకొంటున్నారు. ఆ చేతుల వేగం ఏ కళాశాలలోనూ రాదు. అయితే పనివాడు నర్సరీ మారితే తన నైపుణ్యానికి చూపించడానికి కాగితం ఏదీ ఉండదు.

చట్టం ఏమి చెబుతున్నది?

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం యంత్రశాలలకే పరిమితమన్న భావన సరికాదు. 2014 సవరణతో యజమానులు తమ అవసరాన్ని బట్టి ఐచ్ఛిక వృత్తులను రూపొందించుకొనే వీలు కలిగింది. 2019 సవరణ నియమాల ప్రకారం, కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 లేదా అంతకు మించి పనివారు ఉన్న సంస్థ తన సిబ్బంది సంఖ్యలో 2.5 నుండి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుండి 29 మంది వరకు ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం. నలుగురు పనివారున్న నర్సరీ కూడా అర్హమైనదే. స్థానిక సంస్థలు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. 200 మంది సిబ్బంది ఉన్న పురపాలక సంఘం కనీసం ఐదుగురు అప్రెంటిస్‌లను తీసుకోవలసి ఉంటుంది. ఆ ఐదుగురిలో ఒకరిద్దరు ఉద్యాన విభాగంలో ఉండకూడదనే నియమం ఎక్కడా లేదు.

అదే నియమాల ప్రకారం కనీస భృతి నెలకు ఐదు నుండి తొమ్మిదవ తరగతి వరకు చదివినవారికి రూ. 5,000, పదవ తరగతి ఉత్తీర్ణులకు రూ. 6,000, ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులకు రూ. 7,000. శిక్షణ రెండవ సంవత్సరంలోకి వెళితే పది శాతం పెరుగుతుంది. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద భృతిలో 25 శాతాన్ని, గరిష్ఠంగా రూ. 1,500 వరకు, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. అంటే పదవ తరగతి చదివిన అప్రెంటిస్‌కు కనీస భృతి ఇచ్చే యజమానిపై పడే భారం నెలకు రూ. 4,500.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాచకూడదు. నెలకు 26 పనిదినాల లెక్కన రూ. 6,000 భృతి రోజుకు సుమారు రూ. 230 అవుతుంది. 2024–25లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ. 300. అప్పట్లో ఉపాధి హామీ ఏడాదికి వంద రోజుల పని మాత్రమే అయినప్పటికీ, నేర్చుకోవడానికి వచ్చిన యువకుడు రోజుకు రూ. 70 తక్కువకు ఎందుకు రావాలన్న ప్రశ్న సహజం. నియమాల్లో ఉన్నది కనీస మొత్తం మాత్రమే, అంతకు మించి ఇవ్వడానికి అడ్డు లేదు. కనీస భృతితో సరిపెట్టే సంస్థకు ఆరు నెలల్లోనే ఖాళీ అయ్యే స్థానం మిగులుతుంది. వేసవిలో నీరు పోసే రోజుల్లో అది ఎవరికీ లాభం కాదు.

ఒప్పందానికి ముందు చూసుకోవలసినవి

అప్రెంటిస్‌కు, యజమానికి మధ్య ఒప్పందం జరిగి, అది అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు కావాలి. నమోదు కాని ఏర్పాటును శిక్షణ అని పిలిచినా అది మామూలు కూలిపనే. ఆధార్, చదువు ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచుకోవాలి. భృతి నేరుగా ఖాతాలో పడుతుంది.

అప్రెంటిస్‌కు పని లెక్కన, అంటే కట్టిన అంటుకు ఇంత, నింపిన సంచికి ఇంత అనే పద్ధతిలో చెల్లించడాన్ని చట్టం నిషేధించింది. నర్సరీ రంగంలో ఇది ముఖ్యమైన రక్షణ. లెక్కన చెల్లిస్తే, అంట్లు వేగంగా కట్టగలిగిన వ్యక్తిని ఏడాది పొడవునా అంట్ల వద్దే కూర్చోబెడతారు. విత్తన సేకరణ, చీడపీడల గుర్తింపు, కత్తిరింపు అతనికి ఎన్నటికీ తెలియవు. పనిలో గాయమైతే నష్టపరిహారం చెల్లించే బాధ్యత యజమానిదే. పురుగుమందులు, కత్తెరలు, విద్యుత్ మోటార్లతో పనిచేసేవారు ఈ విషయం తెలుసుకొని ఉండాలి. శిక్షణ ముగిసిన తరువాత ఉద్యోగం ఇవ్వవలసిన నిర్బంధం మాత్రం యజమానికి లేదు.

ఏ నెలలో ఏ పని నేర్పుతారో చేరేముందే రాతపూర్వకంగా అడగడం మంచిది. పైపు పట్టుకొని ఏడాది గడిపితే అది నీటి తడి పని అవుతుందే తప్ప తోటమాలి శిక్షణ కాదు. అప్రెంటిస్ స్వయంగా ఒక దినచర్య పుస్తకం ఉంచుకొని, విత్తిన తేదీ, మొలకలు వచ్చిన తేదీ, సంచులు కదిలించిన తేదీ, చనిపోయిన మొక్కల సంఖ్య రాసుకోవాలి. ముగింపు పరీక్షకు ఇది ఉపయోగపడుతుంది. ఆ తరువాత సొంత నర్సరీ పెట్టుకొనేవారికి మరింత ఉపయోగం.

చేరడానికి అనువైన సమయం తొలకరికి ముందు మే నెల చివరి వారాలు. అప్పుడు చేరిన వ్యక్తి వేప విత్తనం ఏరడంతో మొదలుపెట్టి, అదే మొక్కను మరుసటి తొలకరిలో గుంతలో నాటేవరకు చూడగలుగుతాడు.