ఈస్టరు బల్లకు మన పూలు, మన రంగులు

మార్చి 22కును ఏప్రిల్ 25కును నడుమ వచ్చు పునరుత్థాన పర్వమునకు బల్ల నలంకరింపగోరు గృహిణులకు హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూలమండియే చాలును. అచట కొన్న లిల్లీకాడలను ఏటవాలుగా కోసి ఇత్తడి చెంబున నిలిపి, చుట్టును బంతిరేకులు చల్లిన, వెలగల అలంకారముల యక్కర యుండదు.

గుడ్లకు రంగులద్దుట పిల్లల కత్యంత ప్రీతికరము. గుప్పెళ్లకొద్దీ ఉల్లిపొట్టును అరగంట మరిగించి వడకట్టి, చల్లార్చి, చెంచాడు వెనిగరు కలిపిన నీట తెల్లగుడ్లను పది పన్నెండు నిమిషములు ఉడికించినచో పెంకు ఇటుకవన్నె దాల్చును, పసుపునీట పచ్చనగును. ముందుగా కొత్తిమీర ఆకును పెంకుపై నదిమి పలుచని నూలుబట్టతో బిగించి కట్టిన, ఆకు క్రిందికి రంగు చొరక, దాని యాకృతి లేవన్నెతో నిలుచును. బజారు రంగులలో నాకీ సొగసు కానరాదు.

ఐరోపావారు బాదముతో చేయు మార్జిపానును మనవారు జీడిపప్పుతో చేయుదురు: కప్పు చక్కెరను అరకప్పు నీటితో తీగపాకము పట్టి, రెండు కప్పుల జీడిపప్పు పొడిని కలిపి, సన్నని సెగపై ముద్దయగువరకు త్రిప్పి, గోరువెచ్చగా నున్నప్పుడే చిన్నగుడ్లుగా మలచవలెను.

ఎండకాలము గనుక, తినదలచిన ఉడికిన గుడ్లను గంటకు మించి బల్లపై నుంచరాదు.