షోలాపురపు సాలెవాడలలో ధర్మపు చందా

"సొమ్మొకనిది, సోకొకనిది" యను సామెత మన దేశపు ధర్మకార్యములకు వర్తించినంతగా మఱి దేనికిని వర్తింపదు. సత్రము కట్టించినవాని పేరు రాతిపై చెక్కబడును. దానికి పిడికెడు బియ్యమో, ఒక దినపు కూలియో యిచ్చిన నూరుగురి పేళ్లు ఎవ్వరి నోటను వినబడవు. దాతయనగా ధనికుడే యనియు, పేదవాడు పుచ్చుకొనువాడే గాని యిచ్చువాడు కాడనియు మన విద్యావంతులలో సైతము పాతుకొనిన యభిప్రాయము. ఈ యభిప్రాయ మెంత పొరపాటో తెలియగోరువారు షోలాపురపు సాలెవాడలలో నాలుగు దినములు తిరిగి చూడదగును.

షోలాపురము మహారాష్ట్రములోని జిల్లా కేంద్రము. పందొమ్మిదవ శతాబ్దినుండి కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు మగ్గమునే నమ్ముకొని యచ్చటికి వలసపోయినవి. నగరమునకు తూర్పున వారు నిలుపుకొనిన పేటలను మరాఠీలో "పూర్వ విభాగ" మందురు. సాఖర్ పేఠ, భద్రావతి పేఠ, దత్తనగరము, అశోక్ చౌకు మున్నగు తావులలో దుకాణపు బోర్డు మరాఠీలో నుండును. బేరము మాత్రము తెలుగున సాగును. ఒక గదిలో మరమగ్గము చప్పుడు. పక్క వసారాలో ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీలు చుట్టు స్త్రీలు. మగవారు దుప్పటి నేయుదురు, ఆడవారు బీడీ చుట్టుదురు. షోలాపురపు దుప్పటికి దేశమంతటను పేరున్నది, భౌగోళిక గుర్తింపును లభించినది. నేసినవాని పేరు మాత్రము దుప్పటి యంచున నుండదు.

ఈ వాడలలో చందాకు "వర్గణీ" యని పేరు. మాట మరాఠీది, ఆచారము మనది. గణేశ చతుర్థికి వర్గణీ, బతుకమ్మకు వర్గణీ, అన్నిటిని మించి శ్రావణ పూర్ణిమనాటి మార్కండేయుని రథోత్సవము. పద్మశాలీలు తాము మార్కండేయ మహర్షి సంతతివారమని నమ్ముదురు. మరాఠీవారు నారళీ పౌర్ణిమ యని సముద్రమునకు కొబ్బరికాయ సమర్పించు ఆ దినముననే వీరు నూతన యజ్ఞోపవీతములు ధరించి, సిద్ధేశ్వర పేఠలోని మార్కండేయాలయమునుండి రథమును వీధుల వెంట లాగుదురు. ఆనాడు మగ్గములు మ్రోగవు. వాడ వాడయు వీధిలో నుండును.

ఈ యుత్సవములను చూచి ముక్కు విఱుచువారు మనలో లేకపోలేదు. కూలివాని డబ్బు డప్పులకును, దీపాలంకారములకును పోవుచున్నదనియు, ఆ ధనమే బడికో, ఆసుపత్రికో పోయిన ఎంత మేలో యనియు వారి వాదము. పైకి సబబుగనే తోచును. కాని యిందొక సంగతి మఱవరాదు. ఉత్సవము లేనిచో ఆ డబ్బు పెట్టెలో నిలువయుండి బడికి పోవునా? పోదు. ఉత్సవమే యిండ్ల తలుపులను తెఱపించుచున్నది. వీధి వీధికి పదుగురు నమ్మకస్తులను ఏర్పఱచి, ఎవ్వరెంత యిచ్చిరో వ్రాయుట, మిగిలినది యేమి చేయవలెనో కూర్చుండి నిర్ణయించుట నేర్పుచున్నది. పుస్తకము పట్టి ఇల్లిల్లు తిరిగిన యువకుడే పిమ్మట బడి కమిటీలోను, సహకార సంఘములోను సభ్యుడగును. కావున ఉత్సవము మానుమనుట కాదు. అందు మిగిలిన రూపాయి యెచ్చటికి పోవుచున్నదని యడుగుట మన పని.

పోవుచున్న చోటులలో మేలైనవి కంటి యెదుటనే యున్నవి. పద్మశాలి శిక్షణ సంస్థ నడుపు కూచన్ ప్రశాల, ఎ.ఆర్. బుర్లా మహిళా కళాశాల అట్టివి. బీడీ చుట్టు తల్లి కూతురు పట్టభద్రురాలగుట అచ్చట వింత గాదు. ఆ వాడలనుండి చదివి పైకి వచ్చినవారు పురపాలనములోను, శాసనసభలోను కూర్చుండిరి. 1980, 1984 ఎన్నికలలో గంగాధర కూచన్, 1989, 1991 ఎన్నికలలో ధర్మణ్ణ సాదుల్ షోలాపురమునుండి లోకసభకు ఎన్నికైరి. వలసవచ్చిన సాలెవాని బిడ్డ పరభాషా రాష్ట్రమున ప్రజాప్రతినిధి యగుటకు వెనుక ఎన్ని పేళ్లు లేని చందాలున్నవో చరిత్ర వ్రాయువారు గుర్తింపవలెను.

వీటన్నిటిలో మా దృష్టి నెక్కువగ ఆకర్షించునది శ్రీ మార్కండేయ షోలాపూర్ సహకారి రుగ్ణాలయము. "రుగ్ణాలయ"మనగా ఆసుపత్రియే. ఆ పేరులో "సహకారి" యను మాటను పాఠకులు గమనింపగోరెదము. ధర్మాసుపత్రిలో రోగి బిచ్చగానివలె నిలుచును. ప్రైవేటు ఆసుపత్రిలో బేరగానివలె నిలుచును. సహకార ఆసుపత్రిలో వాటా గలవాడు ఇంటివానివలె నిలువవచ్చును. మహారాష్ట్ర సహకార సంఘముల చట్టము 1960 ప్రకారము సభ్యునకు ఎన్ని వాటాలున్నను వోటు ఒక్కటే. లక్షాధికారి వోటును, మగ్గపు కూలివాని వోటును సమానము.

ఇది క్రొత్త తలంపు గాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణమున 28 మంది, వారిలో నేతగాండ్రు పలువురు, తలకొక పౌను చొప్పున కూడబెట్టి ఆ సంవత్సరము డిసెంబరు 21న ఒక చిన్న అంగడి తెఱచిరి. పిండి, వెన్న, చక్కెర, ఓట్లు, కొన్ని క్రొవ్వొత్తులు, ఇదియే వారి సరకు. మిల్లులు చేతిమగ్గమును మ్రింగివేయుచున్న కాలమది. ఎవ్వరినో యాచించుటకంటె తమ పెన్నీలను తామే చేర్చుకొనుట మేలని వారు తలంచిరి. లోకమంతటి సహకారోద్యమము ఆ యంగడిని తన తొలి మెట్టుగ నెంచుచున్నది.

షోలాపురమునకు వాటాదారులను గూర్చిన మఱియొక కథ కలదు. అది న్యాయవాదుల కందఱకును తెలిసినదే. 1877లో మొరార్జీ గోకులదాసు స్థాపించిన మిల్లు, జనులు "జూనీ మిల్లు" అని పిలుచునది, 1949 ఆగస్టులో మూతపడెను. వేలాది కార్మికులు వీధిని పడిరి. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా దాని నిర్వహణమును తన చేతికి తీసికొనెను. ఒక వాటాదారు సుప్రీంకోర్టునకు పోయెను. 1950 డిసెంబరులో చిరంజిత్‌లాల్ వ్యాజ్యములో ప్రభుత్వము గెలిచెను. 1953 డిసెంబరులో ద్వారకాదాసు వ్యాజ్యములో పరిహారము లేక ఆస్తిని హరించినట్లేయని తీర్పు మాఱెను. 1955లో రాజ్యాంగమునకు నాలుగవ సవరణ వచ్చుటకు గల కారణములలో ఈ తీర్పు నొకటిగ న్యాయశాస్త్రజ్ఞు లెన్నుదురు. ఆ తీర్పుల పుటలు తిరుగవేసినచో వాటాదారుని హక్కును గూర్చి మహావాదములు కనబడును. మిల్లు గంట మ్రోగని ఆ నెలలలో సాలెవాడలలో పొయ్యి యెట్లు వెలిగినదన్న ప్రశ్న న్యాయస్థానము ముందు లేదు. ఉండవలసిన పనియు లేదేమో. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవా రెవ్వరు? ఇరుగు పొరుగు వారే. ఒక ఊరిలోనే రెండు విధముల వాటాలు: ఒకటి లాభమునకు, ఒకటి ఆపదకు. మొదటిదానికి రాజ్యాంగము కాపు. రెండవదానికి నమ్మకము తప్ప వేఱు కాపు లేదు.

ఆ నమ్మకము నేడు మునుపటికంటె నెక్కువ బరువును మోయవలసి వచ్చినది. ఒకప్పుడు ఊరికి ప్రాణమైన పెద్ద మిల్లులు ఒకటి వెనుక నొకటి మూతపడినవి. మిల్లు కార్మికునకు భవిష్యనిధియు, ఆసుపత్రి చీటియు నుండెడివి. చిన్న మరమగ్గపు కొట్టములో పనిచేయు కూలివానికి అవి దక్కుట అరుదు. బీడీ స్త్రీల సంక్షేమమునకై 1976 చట్టములచే బీడీలపై విధించిన సుంకము 2017లో వస్తుసేవల పన్ను వచ్చుటతో రద్దయినది. నాటినుండి వారి వైద్యమునకును, పిల్లల విద్యార్థి వేతనములకును నికరమైన ఆ ఊట ఎండిపోయి, ఏటేటి బడ్జెట్టు దయయే మిగిలినది. తంబాకు దుమ్ములోను, నూలు పొట్టులోను బ్రతుకు గడుపువారికి ఊపిరితిత్తుల జబ్బు దూరపు చుట్టము గాదు. ఒక్క జ్వరము వచ్చినచో వారపు కూలి పోవును. ఒక్క శస్త్రచికిత్స వచ్చినచో మగ్గమే పోవును.

అయినను ఈ స్త్రీలు చేయి చాచి కూర్చుండలేదు. కుంభారి గ్రామమున గోదూతాయి పరుళేకర్ పేర బీడీ కార్మిక స్త్రీల సహకార గృహనిర్మాణ సంఘము 10,000 ఇండ్లు కట్టించెను. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల సాయముతోపాటు తమ వంతు సొమ్మును ఆ స్త్రీలే కూడబెట్టిరి. ఆ యుద్యమమును నడిపిన నరసయ్య ఆడం తెలుగువాడే, శాసనసభ్యుడుగ పనిచేసినవాడు. అచ్చటనే 30,000 ఇండ్ల రాయనగర్ కాలనీకి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 2024 జనవరి 19న అందులో 15,000 ఇండ్లు మరమగ్గపు కూలీలకును, బీడీ స్త్రీలకును, చెత్త ఏరుకొనువారికిని అప్పగింపబడినవి. రాజకీయముల మాట యెట్లున్నను, వేయి బీడీలకింత యని కూలి తెచ్చుకొను స్త్రీ తన యింటికి తాను వాటా కట్టినదన్నది ముఖ్యము.

ఇక లోపములను గూర్చి నిర్మొగమాటముగ చెప్పవలెను. చందాల మండలులన్నియు ఒక్క తీరున నుండవు. కొన్నిట లెక్కల పుస్తకము ఉత్సవమునాటి పూలతోపాటు వాడిపోవును. మహారాష్ట్రములోని ధర్మసంస్థల చట్టము 1950 ఈ విషయమున స్పష్టముగనే యున్నది. రిజిష్టరైన సంస్థ ఏటేట లెక్కలు ముగించి తనిఖీ చేయింపవలెను. రిజిష్టరు కాని మండలి ధర్మార్థము ప్రజలనుండి చందా వసూలు చేయదలచినచో ధర్మాదాయ కమిషనరు కార్యాలయమునుండి అనుమతి పొంది, పిదప లెక్క చూపవలెను. ఆదాయపు పన్ను చట్టమును 2017 సవరణ పిమ్మట 2,000 రూపాయలకు మించిన నగదు దానమునకు పన్ను మినహాయింపు నీయలేదు. పెద్ద దాతకు ఈ నిబంధనలన్నియు తెలియును, వానికి రసీదు నడిచి వచ్చును. ఇరువది రూపాయలిచ్చిన బీడీ స్త్రీకి పన్ను లేదు, మినహాయింపు లేదు, రసీదు అడుగవలెనన్న ధైర్యమును లేదు. ఆమె యిరువది రూపాయలకే మొదట లెక్క చెప్పవలెనని మా దృఢాభిప్రాయము. ఏలయన ధనికుడు తన మిగులునుండి యిచ్చును, ఆమె తన అన్నమునుండి యిచ్చును.

లెక్క చెప్పుట కష్టమైన పని కాదు. ఉత్సవము ముగిసిన పదునైదు దినములలో వచ్చినదెంత, డప్పులకెంత, దీపములకెంత, విద్యార్థులకెంత, రోగులకెంత యని ఒక పెద్ద కాగితముపై తెలుగునను, మరాఠీనను వ్రాసి దేవాలయపు గోడకు అంటింపవలెను. దాని ముందు నిలిచి చదువుకొనిన తల్లి మఱుసటి యేడు ఇరువది బదులు ఏబది యిచ్చును. ఎచ్చటికి పోవునో తెలిసిన డబ్బునకు చేయి వెనుదీయదు. దీపములకైన ఖర్చు రోగుల పద్దుకంటె నెక్కువయైనచో గోడయే సాక్ష్యము చెప్పును, వేఱు విమర్శకులు అక్కఱలేదు.

రాజధానిలో నున్న మన వకీళ్లు, వైద్యులు, ఆడిటర్లు, ఇంజనీర్లు దీనివలన గ్రహింపవలసిన దేమి? పొరుగు రాష్ట్రములలోని తెలుగువారిని తలచుకొనునప్పుడు మనము భాషాభిమానముతో నాలుగు మాటలు పలికి, ఒక సన్మానసభకు పోయి, శాలువ కప్పి వచ్చుచున్నాము. ఆ శాలువ నేసినవానికి మన మాటలవలన ఏమియు కలుగదు. ఒక ఆడిటరు ఏడాదికి రెండు దినములు ఉచితముగ ఒక మండలి లెక్కలు చూచిపెట్టినచో, ఒక వకీలు దానిని రిజిష్టరు చేయించి నియమావళి వ్రాసి యిచ్చినచో, ఒక వైద్యుడు తంబాకు దుమ్ము సోకిన ఊపిరితిత్తులను పరీక్షించుటకు రెండు ఆదివారములు వెచ్చించినచో అది వేయి రూపాయల చందాకంటె మిన్న. ధనమిచ్చు శక్తి గలవారు ఇయ్యవచ్చును. కాని ముందు లెక్క అడిగి యిమ్మని మా మనవి. లెక్క అడుగుట అవమానము కాదు, పుస్తకము నిజాయితీగ వ్రాయు కార్యకర్తకు అదియే గౌరవము.

సాలెవానికి చెప్పనక్కఱలేని నీతి యొకటి యున్నది. పడుగులో ఒక్క పోగు తెగినచో మగ్గము నాపి, ఆ పోగును వెదకి ముడివేసిన పిమ్మటనే ముందునకు నేయవలెను. చూచియు చూడనట్లు నేసిన బట్టకు అంగడిలో వెల లేదు. చందా పుస్తకమును అట్లే నడుపుకొనగలిగిననాడు షోలాపురపు వాడలు ఎవ్వరి దయకును ఎదురుచూడవలసిన పని యుండదు.