బావోబాబ్ పూల రాత్రి అతిథి: నెఫీలే కామా

ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని పొడి అడవులలో బావోబాబ్ వృక్షం (అడన్సోనియా డిజిటేటా) గ్రామీణ కుటుంబాలకు ఆహారాన్ని, ఆదాయాన్ని ఇస్తున్నది. దీని కాయల గుజ్జును ఐరోపా సమాఖ్య 2008లో నూతన ఆహార పదార్థంగా అనుమతించింది. అయితే కాయ కట్టాలంటే పరాగ సంపర్కం జరగాలి. ఈ కార్యంలో స్ఫింగిడే కుటుంబానికి చెందిన నెఫీలే కామా అనే హాక్‌మాత్ పాత్ర ఇటీవలి పరిశోధనల ద్వారా వెల్లడైంది.

బావోబాబ్ తెల్లని పెద్ద పూలు క్రిందికి వ్రేలాడుతూ సంధ్యవేళ విచ్చుకొని, మరునాటికి వాడిపోతాయి. సొంత పుప్పొడితో కాయ కట్టడం అరుదు. కనుక ఒక్క రాత్రిలోనే పుప్పొడి మరొక చెట్టుకు చేరాలి. పశ్చిమ, తూర్పు ఆఫ్రికాలలో ఫలాహార గబ్బిలాలు ఈ పని చేస్తాయి. దక్షిణ ప్రాంతంలో మాత్రం పూలపై వాటి రాక చాలా తక్కువ. అక్కడ హాక్‌మాత్‌లు పరాగ సంపర్కం జరుపుతున్నట్లు 2022లో ప్రచురితమైన పరిశోధన ఆధారాలు చూపింది. మడగాస్కర్‌లోని కొన్ని బావోబాబ్ జాతులు పొడవైన తొండం గల హాక్‌మాత్‌లపైనే ఆధారపడతాయని అంతకుముందే తెలుసు.

నెఫీలే కామా ముందు రెక్కపై సాధారణంగా వెండి రంగులో కామా ఆకారపు మచ్చ ఉంటుంది. జాతి పేరు దాని నుండే వచ్చింది. లార్వాలు వాక జాతి పొదల ఆకులను తింటాయి. ఈ కుటుంబపు పురుగులు సాధారణంగా నేలలోనో, రాలిన ఆకుల నడుమనో ప్యూపా దశ గడుపుతాయి. అందుచేత చెట్టును కాపాడి, చుట్టూ ఉన్న పొదలను నరికివేస్తే పరాగ వాహకానికి ఆహారమూ ఆశ్రయమూ కరువవుతాయి.

ఆఫ్రికాలోని అతి పెద్ద బావోబాబ్‌లు ఆరింటిలో ఐదు పన్నెండేళ్ల వ్యవధిలో పూర్తిగానో, పాక్షికంగానో కూలిపోయాయని 2018లో శాస్త్రవేత్తలు నివేదించారు. వాటి స్థానంలో కొత్త మొక్కలు రావాలంటే విత్తనం కావాలి. విత్తనానికి రాత్రి అతిథి కావాలి.

మనకూ ఇది పరాయి విషయం కాదు. గోల్కొండ నయా ఖిలాలో శతాబ్దాల నాటి బావోబాబ్ నేటికీ నిలిచి ఉంది. నెఫీలే ప్రజాతికే చెందిన నెఫీలే హెస్పెరా మన వాక్కాయ చెట్లపై పెరుగుతుంది. నువ్వు పైరులో ఆకులు తినే అకెరాంషియా స్టిక్స్ కూడా ఈ కుటుంబానిదే. పొలంలో హాక్‌మాత్ లార్వా కనిపించగానే మందు సిఫారసు చేయక, జాతిని, నష్టస్థాయిని, తల్లి పురుగు దర్శించే పూలను గమనించడం విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం. పగటి సర్వేలలో నమోదు కాని మేలు చీకటిలో జరుగుతూ ఉండవచ్చు.