ఇల్లు మారినా చిరునామా మారొద్దు: వెబ్‌సైట్ తరలింపు వెనుక శాస్త్రం

పదేళ్లుగా నడుస్తున్న ఒక తెలుగు వెబ్‌సైట్ ఉందనుకుందాం. మిరపలో తామర పురుగుల నివారణ, డెంగీ లక్షణాలు, గ్రహణాల వివరాలు... ఇలా వేల వ్యాసాలు అందులో ఉన్నాయి. పాఠకుల్లో చాలామంది సైటు పేరు గుర్తుపెట్టుకుని వచ్చేవారు కాదు. గూగుల్‌లో ఏదో వెతుకుతూ అక్కడికి చేరేవారే. అద్దె పెరిగిందనో, పేజీలు నెమ్మదిగా తెరుచుకుంటున్నాయనో నిర్వాహకులు ఆ సైటును వేరే హోస్టింగ్ సంస్థ సర్వర్‌లోకి మార్చారు. నెల తిరిగేసరికి పాఠకుల సంఖ్య సగానికి పడిపోయింది. వ్యాసాలన్నీ భద్రంగానే ఉన్నాయి, కానీ వెతికేవారికి కనిపించడం లేదు.

ఇలాంటప్పుడు తప్పంతా కొత్త హోస్ట్‌దే అనిపిస్తుంది. నిజానికి సర్వర్ మారినంత మాత్రాన ర్యాంకు పోదు. తరలింపులో జరిగే మరికొన్ని పొరపాట్ల వల్ల పోతుంది. అవి ఎక్కడ జరుగుతాయో తెలియాలంటే, సెర్చ్ ఇంజిన్ ఒక పేజీని ఎలా గుర్తుపడుతుందో ముందు చూడాలి.

ర్యాంకు యంత్రానిది కాదు, చిరునామాది

1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ 'పేజ్‌ర్యాంక్' పద్ధతిని వివరించారు. ఒక వ్యక్తి వెబ్‌లో గమ్యం లేకుండా తిరుగుతూ, కనిపించిన లింకుల్లో ఏదో ఒకదాన్ని నొక్కుతూ పోతున్నాడనుకోండి. ప్రతి అడుగులోనూ 85 శాతం సంభావ్యతతో ఒక లింకును అనుసరిస్తాడు, 15 శాతం సంభావ్యతతో విసుగొచ్చి మరెక్కడికో దూకుతాడు. చాలాసేపు ఇలా తిరిగితే అతను ఏ పేజీలో ఎక్కువసార్లు తేలతాడో, ఆ పేజీకి అంత విలువ. భౌతికశాస్త్రంలో యాదృచ్ఛిక నడక అంటామే, ఇదీ అదే. నేడు గూగుల్ మరెన్నో అంశాలను లెక్కలోకి తీసుకుంటుంది, అయినా లింకుల ప్రాధాన్యం పోలేదు.

ఆ లింకులన్నీ చూపించేది పేజీ చిరునామాను, అంటే యూఆర్‌ఎల్‌ను. ఆ పేజీ ముంబయిలోని సర్వర్‌లో ఉందా, సింగపూర్‌లో ఉందా అన్నది లింకుకు అవసరం లేదు. ఏళ్ల తరబడి కూడిన పరపతి అంతా చిరునామా పేరు మీదే జమ అవుతుంది. చిరునామాలో ఒక్క అక్షరం మారినా సెర్చ్ ఇంజిన్ దృష్టిలో అది కొత్త పేజీయే.

పేరుకూ సంఖ్యకూ మధ్య

ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తించేది ఐపీ చిరునామా అనే సంఖ్యతో. మనం టైపు చేసే పేరును ఆ సంఖ్యగా మార్చేది డీఎన్‌ఎస్ వ్యవస్థ. తొలినాళ్లలో అన్ని పేర్లూ, సంఖ్యలూ ఒకే ఫైలులో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దాన్ని నిర్వహించేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ పద్ధతి సాగలేదు. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ను రూపొందించారు.

హోస్ట్ మారితే మారేది ఈ సంఖ్య మాత్రమే. అయితే మార్పు అందరికీ ఒకేసారి తెలియదు. ఒకసారి తెలుసుకున్న సంఖ్యను డీఎన్‌ఎస్ సర్వర్లు కొంతకాలం గుర్తుంచుకుంటాయి. ఆ గడువే టీటీఎల్. దీన్ని సెకన్లలో రాస్తారు. 86,400 అని ఉంటే ఒక రోజు పూర్తిగా పాత సంఖ్యే వాడుకలో ఉండవచ్చు. ఒక్కో సర్వర్ ఒక్కో సమయంలో అడిగి తెలుసుకుని ఉంటుంది కనుక, మార్పు చేసిన 12 గంటలకు సుమారు సగం సర్వర్లే కొత్త సంఖ్యకు మారతాయి. మిగతావి తమ గడువు ముగిసేదాకా పాఠకులను పాత ఇంటికే పంపుతుంటాయి.

అందుకే అనుభవజ్ఞులు తరలింపునకు కొన్ని రోజుల ముందే టీటీఎల్‌ను 300 సెకన్లకు, అంటే అయిదు నిమిషాలకు తగ్గిస్తారు. తరలింపు రోజున తగ్గిస్తే ప్రయోజనం లేదు. 'గడువు తగ్గింది' అన్న సమాచారం కూడా పాత గడువు ముగిశాకే అందరికీ చేరుతుంది.

తరలింపు వరుస

పాత సర్వర్‌ను నడుస్తూ ఉండనిచ్చి, కొత్తదానిలో సైటుకు పూర్తి నకలు సిద్ధం చేయాలి. భద్రతా సర్టిఫికెట్‌ను ముందే అమర్చాలి, లేకపోతే బ్రౌజర్లు హెచ్చరిక చూపి పాఠకులను ఆపేస్తాయి. నకలును పరీక్షించడానికి ఒక పాత ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. ఇందాక చెప్పిన తొలినాటి ఫైలుకు వారసుడు 'హోస్ట్స్' పేరుతో ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. అందులో సైటు పేరు పక్కన కొత్త ఐపీ సంఖ్య రాస్తే, ఆ ఒక్క కంప్యూటర్‌కు మాత్రమే కొత్త సర్వర్ కనిపిస్తుంది. బయటి ప్రపంచానికి ఏ తేడా తెలియదు.

ఆ తర్వాత డీఎన్‌ఎస్‌లో సంఖ్య మార్చాలి. రెండు సర్వర్లూ పనిచేసే ఆ సమయంలో కొత్త వ్యాసాలు పెట్టకపోవడం మేలు. లేకపోతే కొన్ని పాత ఇంట్లోనే ఉండిపోతాయి. కొన్ని డీఎన్‌ఎస్ సర్వర్లు గడువును పట్టించుకోవు. అందుకని పాత సర్వర్‌కు వచ్చే సందర్శనలు పూర్తిగా ఆగేవరకు దాన్ని మూయకూడదు.

కాసేపు సైటును ఆపక తప్పకపోతే, సర్వర్ 503 అనే సంకేతం ఇవ్వాలి. 'ఇప్పుడు అందుబాటులో లేదు, తర్వాత రండి' అని దానర్థం. 404 ఇస్తే 'ఈ పేజీ లేదు' అని చెప్పినట్టవుతుంది. అయితే 503 కూడా రోజుల తరబడి కొనసాగితే గూగుల్ ఆ పేజీలను తన సూచిక నుంచి తీసేస్తుంది.

అన్నిటికన్నా బాధాకరమైన పొరపాటు చాలా చిన్నది. పరీక్షిస్తున్నప్పుడు నకలు సైటు గూగుల్‌లో కనిపించకూడదని 'సూచికలో చేర్చవద్దు' అన్న ఆదేశం పెడతారు. అసలు సైటుగా మారాక దాన్ని తీయడం మరచిపోతారు. సెర్చ్ ఇంజిన్ ఆ ఆదేశాన్ని నమ్మకంగా పాటిస్తుంది, పేజీలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఆ ఆదేశానికి బదులు పరీక్ష సైటుకు పాస్‌వర్డ్ పెడితే ఈ ప్రమాదం తప్పుతుంది.

తెలుగు అక్షరాలకు అదనపు జాగ్రత్త

యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ మూడు బైట్లు కావాలి. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరు సంకేతాలు, 18 బైట్లు. అదే మాట వెబ్ చిరునామాలో ఉంటే ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా మారి, మొత్తం 54 అక్షరాలవుతుంది. వ్యాసం కాపీ చేసేటప్పుడు డేటాబేస్ ఈ బైట్లను వేరే పద్ధతిలో చదివితే తెలుగంతా అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 2018 నాటి 8.0 వెర్షన్‌కు ముందు లాటిన్ లిపి పద్ధతే సహజ అమరికగా ఉండేది. కాబట్టి పాత సైట్లను మార్చేవారు ఇది తప్పక సరిచూసుకోవాలి. పేజీ తెరుచుకుంటే సరిపోదు, అందులోని తెలుగు చదవగలిగేలా ఉండాలి.

చిరునామా మారక తప్పనప్పుడు

కొన్నిసార్లు డొమైన్ పేరే మారుతుంది. అప్పుడు పాత చిరునామాకు వచ్చినవారిని 301 సంకేతంతో కొత్తదానికి పంపాలి. 'శాశ్వతంగా మారింది' అని దానర్థం. 302 అంటే తాత్కాలిక మార్పు. ప్రతి పాత పేజీనీ దానికి సరిపోయే కొత్త పేజీకే పంపాలి. పాత చిరునామాలన్నిటినీ మొదటి పేజీకి మళ్లిస్తే, గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కిస్తుంది. ఈ దారి మళ్లింపును కనీసం ఏడాదిపాటు ఉంచమని గూగుల్ సలహా. పాఠకుల కోసం అంతకంటే ఎక్కువ కాలం ఉంచడమే మంచిది.

వేగం సంగతి

సర్వర్ ఎక్కడుందన్నది వేగాన్ని మారుస్తుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం సుమారు 13 వేల కిలోమీటర్లు. వెళ్లి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు పడుతుంది. ముంబయికైతే ఆరేడు చాలు. భద్రమైన అనుసంధానం ఏర్పడి పేజీ మొదలయ్యేలోగా ఇలాంటి ప్రయాణాలు రెండు మూడు జరుగుతాయి. పాఠకులు ఇక్కడుంటే సర్వర్ కూడా దగ్గరుండటం మేలు.

అన్నీ సరిగ్గా చేసినా, కొత్త సర్వర్ ఎంత భారం మోయగలదో తెలిసేదాకా గూగుల్ కొన్నాళ్లు పేజీలను తక్కువగా పరిశీలిస్తుంది. క్రమంగా అది సర్దుకుంటుంది. ఈలోగా సెర్చ్ కన్సోల్‌లో 404 పేజీల జాబితా చూస్తూ ఉండాలి.

2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత అందుబాటులో లేవని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో వెల్లడించింది. ఈ ముప్పును పరిశోధకులు ముందే గుర్తించారు. పరిశోధన పత్రాలకు 2000లో మొదలైన డీఓఐ సంఖ్యలు అందుకు పుట్టినవే. ప్రచురణకర్త వెబ్‌సైట్ మారినా, కొత్త చిరునామాను నమోదు చేస్తే పాత డీఓఐ పాఠకుణ్ని పత్రం దగ్గరికే చేరుస్తుంది. మామూలు వెబ్‌సైట్లకు అలాంటి నమోదు కేంద్రం లేదు. పాత చిరునామాల జాబితా తీసి, తరలింపు తర్వాత ఒక్కొక్కటీ పనిచేస్తోందో లేదో చూడటం నిర్వాహకుల పనే. ఆ జాబితాను తరలింపు మొదలుపెట్టకముందే తయారుచేసుకోవాలి.