కయ్యానికైనా సమఉజ్జీ కావాలి

సినిమా చూసి ఇంటికొచ్చాక, "కథ మాట ఎలా ఉన్నా జంట మాత్రం భలే కుదిరిందమ్మా" అనుకుంటాం. ఈ రోజుల్లో పిల్లలు దాన్నే కెమిస్ట్రీ అంటున్నారు. మరి ఈ కుదరడమనేది ఎక్కణ్ణించి వస్తుంది? అందంలోంచేనా? అలాగైతే ఎంతో అందమైన వాళ్ళిద్దరు పక్కపక్కన నిలబడినా ఒక్కోసారి గోడకి తగిలించిన రెండు పటాల్లా ఉంటారెందుకు?

1955లో వచ్చిన విజయావారి 'మిస్సమ్మ'నే తీసుకోండి. మేరీ పాత్రకు మొదట తీసుకున్నది భానుమతిగారిని. కొంత చిత్రీకరణ అయ్యాక ఆమె తప్పుకున్నారు. సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, సీత వేషం జమునకు వచ్చింది. అంటే రామారావు, సావిత్రి ఆ చిత్రానికి జాతకాలు చూసి కలిపిన జంట కాదన్నమాట!

కిటుకంతా కథలో ఉంది. బడిలో ఉద్యోగం కావాలంటే భార్యాభర్తలై ఉండాలి. ఇద్దరికీ చదువుంది, ఇద్దరికీ ఉద్యోగం అవసరం. అందుకని పైకి దంపతులు, లోపల పరాయివాళ్ళు. గుట్టు బయటపడకుండా ఉండాలంటే ఒకరి మాట ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా! అలా కనిపెట్టుకుని ఉండడమే మెల్లగా ఇష్టమవుతుంది. ఈసారి ఆ చిత్రం చూస్తే మాట్లాడేవారిని కాదు, వింటున్నవారి ముఖం చూడండి. సావిత్రి మూతి విరుపులోనే సగం కథ తెలిసిపోతుంది. ఇద్దరూ చందమామతో మొరపెట్టుకునే పాట ఉందే, అందులో ఫిర్యాదులన్నీ ఒకరి మీద ఒకరివే. మన సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు ఆ కీచులాటకి వెన్నెలలాంటి వరస కట్టారు.

అదే ఏడాది అదే జంట 'కన్యాశుల్కం'లో గిరీశం, మధురవాణి అయ్యారు. 1892లో ఆ నాటకం మొదట ఆడింది మన విజయనగరంలోనే. గిరీశం కోతలు కోస్తాడు, మధురవాణి వాటిని ఇట్టే పసిగడుతుంది. అక్కడ ప్రేమ లేదు, అయినా మాటకు మాట పడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. కాబట్టి జంటను నిలబెట్టేది వలపు ఒక్కటే కాదు, సరిజోడు తెలివి కూడాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత వచ్చిన ఎన్నో చిత్రాల్లో నాయకుడు వెంటపడతాడు, దారికడ్డం నిలబడతాడు, కొంగు లాగుతాడు. ఆమె ముందు చీదరించుకుని, ఆనక ప్రేమిస్తుంది. మన పిల్లలు అదే సరసమనుకుంటున్నారు. 'మిస్సమ్మ'లో ఒకే ఇంట్లో ఉన్నా మేరీ గీసిన గీత రావు దాటడు. ఆ నిగ్రహం వల్లే వాళ్ళ పోట్లాట మనకు నవ్వు తెప్పిస్తుంది, భయం తెప్పించదు.

పిల్లలతో కలిసి సినిమా చూసేటప్పుడు రెండే ప్రశ్నలు అడిగి చూడండి. ఆమె వద్దంటే అతను ఆగాడా? ఆమె మాటకి మాట చెప్పే చోటుందా? కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ కావాలని పెద్దలు ఊరికే అనలేదు. కయ్యంలో ఒకరి నోరు నొక్కేసిన చోట వియ్యం ఎలా కుదురుతుంది చెప్పండి?