ఉప్పునీట పడవ మోటారు: బోల్టు బిగిసిపోకుండ జాగ్రత్తలు

హనుమాన్ జంక్షన్ పరిసర గ్రామములలో కాలువనీరు తోడు ఇంజనుకును, బందరు చెంత గిలకలదిండి రేవులో పడవ వెనుక తగిలించు ఔట్‌బోర్డు మోటారుకును బిగించిన బోల్టులు చూపునకు ఒకే తీరుగ నుండును. కాని జంక్షన్ నుండి గుడివాడ మీదుగా బందరు చేరి, అచ్చటి మోటారును విప్పబోయినచో భేదము తెలియును. కాలువగట్టున పానాకు లొంగు బోల్టు ఉప్పునీటి రేవులో కదలదు. బలవంతము చేసినచో తల తెగి, మిగిలిన ముక్క లోపలనే నిలిచిపోవును. ఇది ఒడ్డున జరిగిన ధననష్టము. నడిసముద్రమున జరిగిన ప్రాణాపాయము.

దీనికి కారణమేమి? సముద్రజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. నదీముఖములందు వరదనీరు కలిసినపుడు ఇది తగ్గినను, ప్రమాదము తొలగదు. మోటారు దేహము అల్యూమినియము. బోల్టులు తరచుగా స్టెయిన్‌లెస్ స్టీలు. తాకియున్న రెండు భిన్న లోహములు ఉప్పునీట తడిసినపుడు అచ్చట సన్నని విద్యుత్ప్రవాహము పుట్టి, అల్యూమినియము క్షయించి తెల్లని పొడిగ మారును. ఆ పొడి మరల సందులలో చేరి బోల్టును బిగబట్టును. “స్టెయిన్‌లెస్ బోల్టుకు త్రుప్పు పట్టదు గదా” యను ధీమా ఇచ్చట చెల్లదు. చెడునది బోల్టు కాదు. దానిని పట్టియున్న లోహము.

విరుగుడు సూత్రము పాతదే. 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ యను శాస్త్రజ్ఞుడు ఓడల అడుగున తాపిన రాగిరేకులకు జింకు లేక ఇనుము తగిలించినచో రాగి చెడదని చూపెను. నేటి మోటారుల మునుగు భాగమున నుండు జింకు లేక అల్యూమినియము మిశ్రమపు దిమ్మయు అట్లే తాను కరగి మోటారును కాపాడును.

మత్స్యకార సోదరులు పాటింపదగిన పద్ధతులివి:

1. వేట నుండి వచ్చిన వెంటనే, నీరు పీల్చు రంధ్రములు మునుగునట్లు మోటారును మంచినీటి డ్రమ్ములో నిలిపి, గేరు వేయక, సుమారు 10 నిమిషములు నెమ్మదిగా నడుపవలెను. నీరు లేక క్షణమైనను నడుపరాదు. పంపులోని రబ్బరు చక్రము చెడును. పిదప మోటారును నిలువుగ నుంచి లోపలి నీరు కారనీయవలెను.

2. దిమ్మ సగము కరగగనే మార్చవలెను. దానికి రంగు వేయరాదు. నెలలు గడచినను కరగనిచో అది మోటారును సరిగా తాకుటలేదేమో చూడవలెను.

3. బోల్టును బిగించుటకు ముందు మరలను శుభ్రపరచి, సముద్రపు మోటారులకై చేసిన గ్రీజు రాయవలెను. గ్రాఫైటు గ్రీజు తగదు. అది అల్యూమినియమును మరింత చెరచును.

4. బిగిసిన బోల్టుపై బలము చూపరాదు. పలుచని నూనె వేసి రాత్రంతయు నాననిచ్చి, తలపై మెల్లగ తట్టి, ముందు కొంచెము బిగించి, పిదప వదులు చేయవలెను. వేడికి అల్యూమినియము ఉక్కుకన్న ఎక్కువగ వ్యాకోచించును గనుక చుట్టును వేడినీరు పోసినచో పట్టు సడలును. ఇంధనమున్నచోట మంట పెట్టరాదు.

మన తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. మోటారు కదలక పడియుండు ఈ దినములలోనే ఉప్పు తన పని చేయును. కావున నిషేధము ముగియు వారమున గాక, మొదటి వారముననే బోల్టులు విప్పి, కడిగి, గ్రీజు రాసి బిగించుకొనవలెను. అట్లు చేసినవాని మోటారు నడిసముద్రమున మొరాయించినను, అతని పానాకు బోల్టు లొంగును. పడవ ఇల్లు చేరును.